కొత్తవాళ్లతో గోల్ఫ్ ఆడేటప్పుడు: ఆట ఆగకూడదు, వాళ్లు బెదరకూడదు

మొదటి టీ (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) దగ్గరికి వెళ్లేసరికి, మనతో కలిసి ఆడబోయే మనిషి క్లబ్ పట్టుకున్న తీరు చూడగానే తెలిసిపోతుంది, కోర్సు మీదకి రావడం ఇది రెండోసారో మూడోసారో అని. మనసులో వెంటనే వచ్చే మాట, "ఇవాళ ఐదున్నర గంటలు పడుతుంది". నాకూ చాలా ఏళ్లు అదే మాట వచ్చేది. తర్వాత కొత్తవాళ్లతో వరసగా ఆడుతూ, ఎక్కడ టైమ్ పోతోందో కావాలని గమనించడం మొదలుపెట్టాక ఒకటి తేలింది. వాళ్లు ఎక్కువ షాట్లు కొడతారు, నిజమే, కానీ ఆలస్యం అందులో లేదు. ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ మధ్య ఏం చెయ్యాలో వాళ్లకి ఎవరూ చెప్పలేదు, ఆలస్యమంతా అక్కడుంది.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. నలుగురిలో ఇద్దరు రౌండ్‌కి 90 షాట్ల దగ్గర ఆడేవాళ్లు, ఇద్దరు 120 కొట్టే కొత్తవాళ్లు. మొత్తం 420 షాట్లు. ఒక్కో షాట్ దగ్గర 10 సెకన్లు మిగిల్చినా 4200 సెకన్లు, అంటే 70 నిమిషాలు మిగిలినట్టే. ఆ 10 సెకన్లు స్వింగ్ త్వరగా తిప్పడం వల్ల మిగలవు. బాల్ దగ్గరికి వెళ్లేసరికి క్లబ్ చేతిలో ఉండటం, బాల్ ఎక్కడ పడిందో ఎవరో ఒకరు చూసి ఉండటం, తన వంతు వచ్చిందని తెలిసి ఉండటం, వీటి వల్ల మిగులుతాయి. ఈ మూడూ అనుభవం ఉన్నవాళ్ల చేతుల్లో ఉన్న పనులే. కాబట్టి ఇక్కడ రాసేదాంట్లో ఎక్కువ భాగం కొత్తవాళ్లకి కాదు, వాళ్లతో ఆడబోయే మీకు.

మొదటి షాట్ కంటే ముందు రెండు నిమిషాలు

ముందు అడగండి. "ఎంతకాలంగా ఆడుతున్నారండీ?" అంటే చాలు, నిలువునా పరీక్షించినట్టు ఉండకూడదు. కొత్త అని చెబితే, "మంచిదండీ, ఆట సాగడానికి మనం నాలుగు విషయాలు ముందే అనుకుందాం" అనండి. ఈ "మనం" అన్న మాట చాలా ముఖ్యం. "మీరు ఇలా చెయ్యాలి" అంటే నిబంధనలు చదివి వినిపించినట్టు ఉంటుంది, "మనం అనుకుందాం" అంటే అందరికీ వర్తించే ఒప్పందం అవుతుంది.

అందులో మొదటిది, ఒక హోల్‌లో ఎన్ని షాట్ల దగ్గర ఆపాలి అనేది. నేను ఎప్పుడూ చెప్పేది పార్‌కి, అంటే ఆ హోల్‌కి నిర్ణయించిన షాట్ల సంఖ్యకి, రెట్టింపు. పార్ 4 అయితే 8, పార్ 5 అయితే 10. ఆ అంకె దగ్గరికి వచ్చాక బాల్ చేత్తో తీసుకుని జేబులో వేసుకోవడమే. ఇది అవమానం కాదని గట్టిగా చెప్పండి. నిబంధనల్లోనే దీనికి చోటుంది, హోల్‌కి గరిష్ఠ స్కోరు పెట్టి ఆడే పద్ధతిని 2019 నుంచి స్ట్రోక్ ప్లేలో (మొత్తం షాట్లు లెక్కపెట్టే ఆటలో) ఒక రకంగా గుర్తించారు. స్టేబుల్‌ఫోర్డ్ అయితే అంతకంటే పాతది. డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ తయారుచేసిన, హోల్ హోల్‌కీ స్కోరుని బట్టి పాయింట్లిచ్చే ఈ పద్ధతితో ఇంగ్లండ్‌లోని వాలసీ క్లబ్‌లో 1932లోనే పోటీ జరిగింది. పాయింట్ వచ్చే అవకాశం పోయిన హోల్‌లో బాల్ తీసేసుకుని ముందుకి నడవొచ్చు, మిగతా హోల్స్ స్కోరు చెడిపోదు. కొత్తవాళ్లున్న రోజు నలుగురూ స్టేబుల్‌ఫోర్డ్ లెక్కతో ఆడితే బాల్ తీసుకోవడం ఒక్కళ్లకే ప్రత్యేకంగా అనిపించదు, మీరూ ఒకటి రెండుసార్లు తీసుకుంటారు కదా. అసలు ఈ ఒక్క మార్పుతోనే సగం టెన్షన్ పోవడం చూశాను.

రెండోది టీల ఎంపిక. డ్రైవర్‌తో (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్‌తో) 130 గజాలు కొట్టే మనిషి 400 గజాల పార్ 4 వెనక టీ నుంచి ఆడితే, ఒక్క షాట్ కూడా తప్పు పోకపోయినా గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) చేరడానికి నాలుగు షాట్లు కావాలి. అదే హోల్ 280 గజాల ముందు టీ నుంచి అయితే మూడు చాలు. హోల్‌కి ఒకటి చొప్పున 18 షాట్లు తగ్గినట్టు. ముందు టీలు ఆడవాళ్లకనో పిల్లలకనో ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు, అది తప్పు, అవి తక్కువ దూరం కొట్టేవాళ్ల కోసం. మీ మాటతో కొత్తవాళ్లు వినకపోతే మీరే వాళ్లతో కలిసి ముందు టీ నుంచి ఆడండి. ఒక్కరోజు ముందు టీ నుంచి ఆడితే మీకు పోయేదేమీ లేదు, వెడ్జ్ (దగ్గరి షాట్లకి వాడే క్లబ్) ప్రాక్టీస్ బాగా అవుతుంది.

మూడోది రెడీ గోల్ఫ్. హోల్‌కి దూరంగా ఉన్నవాళ్లు ముందు కొట్టాలన్నది పాత మర్యాద, కానీ స్ట్రోక్ ప్లేలో ఎవరు సిద్ధంగా ఉంటే వాళ్లు, ప్రమాదం లేదని చూసుకుని, కొట్టమని ఇప్పటి నిబంధనలే ప్రోత్సహిస్తున్నాయి. మ్యాచ్ ప్లేలో (హోల్ హోల్‌కీ గెలుపోటములు తేల్చే ఆటలో) వరస ముఖ్యమే, అయినా టైమ్ కలిసిరావడానికి ఇద్దరూ ఒప్పుకుంటే వరస తప్పి ఆడొచ్చు. కొత్తవాళ్లు టీవీలో చూసి వచ్చి ఉంటారు కాబట్టి, తమ వంతు ఎప్పుడో ఎవరో చెబుతారని నిలబడిపోతారు. "మీరు రెడీ అయితే కొట్టెయ్యండి, మా కోసం చూడకండి" అని మొదట్లోనే ఒక్కసారి చెప్పండి. మీరు 200 గజాల దూరంలో గ్రీన్ ఖాళీ అవ్వాలని ఆగి ఉన్నప్పుడు, 120 గజాలు కొట్టే మనిషి పక్కన చేతులు కట్టుకుని నిలబడటం కంటే పెద్ద దండగ లేదు. ఆయన్నే ముందు కొట్టనివ్వండి.

నాలుగోది జేబులు. ఒక జేబులో ఇంకో బాల్, రెండు టీలు (బాల్ నిలబెట్టే చిన్న పుల్లలు), బాల్ గుర్తుపెట్టడానికి ఒక నాణెం. బ్యాగ్ దగ్గరికి వెళ్లి జిప్ తీసి బాల్ వెతుక్కుని మళ్లీ టీ దగ్గరికి వచ్చేసరికి నిమిషం పైనే అవుతుంది, అలాంటివి రోజుకి పది జరుగుతాయి. బాల్ మీద పెన్నుతో ఏదైనా గుర్తు వేసుకోమనండి, ఎవరి బాల్ ఏదో తేలక నలుగురూ వంగి చూసుకునే పని తప్పుతుంది.

ఎక్కడ నిలబడాలి

దీన్ని మర్యాద కిందే చెబుతారు కానీ, కొత్తవాళ్లతో ఆడేటప్పుడు ఇది ప్రాణాలతో పని. కొత్త చేతిలో బాల్ ఎటైనా పోతుంది. కుడిచేతి వాటం మనిషి షాట్ షాంక్ అయితే, అంటే బాల్ క్లబ్ మెడకి తగిలితే, బాల్ దాదాపు తన ముఖం ఎటుందో అటే దూసుకెళ్తుంది. అందుకని కొట్టే మనిషికి ఎదురుగా, ఛాతీ వైపు నిలబడండి, కానీ బాల్ కంటే కాస్త వెనక్కి, క్లబ్ తిరిగే దూరానికి బాగా అవతల. బాల్‌కి ముందు అడుగు కూడా వద్దు, చెట్టు చాటు ఉంది కదా అని కూడా వద్దు. సరిగ్గా వెనక, షాట్ వెళ్లే గీతకి తిన్నగా కూడా నిలబడకూడదు, అది కంటి చివర కనపడి ఏకాగ్రత చెడగొడుతుంది. ఎండ ఏటవాలుగా ఉంటే మీ నీడ వాళ్ల బాల్ మీద పడకుండా చూసుకోండి.

వీటిని కొత్తవాళ్లకి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు కొట్టేటప్పుడు వాళ్లు ఎక్కడో ముందుకి వెళ్లిపోయి తమ బాల్ వెతుక్కుంటూ ఉంటారు. కోపం తెచ్చుకోకుండా ఆగి, చెయ్యెత్తి, వెనక్కి రమ్మని పిలవండి. ఇంకొకటి, బాల్ మనుషుల వైపు పోతే వెంటనే "ఫోర్" అని గొంతు చించుకుని అరవాలి. కొత్తవాళ్లు సిగ్గుపడి అరవరు, వాళ్ల బదులు మీరు అరవండి. ఆ కేక మనకి వినపడితే తల ఎత్తి బాల్ ఎక్కడుందా అని చూడకూడదు, చేతులతో తల కప్పుకుని వంగిపోవాలి. ముందున్న గ్రూప్ బాల్ అందే దూరం దాటేదాకా కొట్టకూడదన్నది కూడా ఇందులోదే. "నేను అంత దూరం కొట్టలేనులే" అనుకుని కొట్టిన రోజే కొత్తవాళ్లకి జీవితంలోకల్లా మంచి షాట్ తగులుతుంది. ఆట ఎంత లేటవుతున్నా ఈ ఒక్క విషయంలో తొందర వద్దు.

షాట్‌కీ షాట్‌కీ మధ్య

ఎక్కువ టైమ్ మిగిలేది ఇక్కడే. కొత్తవాళ్లు షాట్ కొట్టగానే తల దించేసుకుంటారు, లేదా "అయ్యో" అని పక్కకి తిరుగుతారు. బాల్ ఎటు వెళ్లిందో ఆ క్షణం వాళ్లు చూడరు. కాబట్టి వాళ్ల బాల్ మీరు చూడండి. అది ఆగేదాకా చూసి, ఏదో ఒక గుర్తు పెట్టుకోండి, "ఆ వంకర చెట్టుకి ఎడమ పక్కన, పొదకి ఈవల" అన్నట్టు. నలుగురిలో ఒకరు ఈ పని మనసు పెట్టి చేస్తే వెతుకులాట సగానికి సగం తగ్గుతుంది. ఏ స్వింగ్ సలహా కన్నా కొత్తవాళ్లకి ఇదే పెద్ద సాయం.

వెతకడానికి నిబంధన ఇచ్చే టైమ్ మూడు నిమిషాలు. 2019కి ముందు ఐదు ఉండేది. స్నేహంగా ఆడే రౌండ్‌లో మూడు కూడా ఎక్కువే, ఒకటిన్నర రెండు నిమిషాలు చూసి దొరక్కపోతే వదిలెయ్యండి. అందరూ వెతకడానికి పోవద్దు. ఇద్దరు వెతుకుతుంటే మూడోవాళ్లు తమ షాట్ కొట్టి వచ్చి కలవాలి. దొరకలేదా, వెనక్కి టీ దాకా నడవడం మాత్రం వద్దు. బాల్ పోయినా హద్దు దాటినా, అది పోయిన చోటికి దగ్గర్లో ఫెయిర్‌వే (పొట్టిగా కత్తిరించిన గడ్డి దారి) అంచున డ్రాప్ చేసి రెండు పెనాల్టీ షాట్లు కలుపుకునే వెసులుబాటుని కోర్సులు స్థానిక నిబంధనగా పెట్టుకోవచ్చు. మీరు ఆడే చోట అది లేకపోయినా మీలో మీరు ఆడే రౌండ్‌కి ఈ పద్ధతే ముందు అనుకుని ఉంచండి. డ్రాప్ మోకాలి ఎత్తు నుంచి, భుజం ఎత్తు నుంచి కాదు. పోటీలో ఆ స్థానిక నిబంధన లేకపోతే ఇదంతా కుదరదు, అనుమానం ఉన్న బాల్‌కి ప్రొవిజనల్ (మొదటిది దొరక్కపోతే ఆడే మారు బాల్) కొడుతున్నానని పైకి చెప్పి కొట్టాలి, లేకపోతే ఆ రెండో బాలే ఆటలో ఉన్న బాల్ అయిపోతుంది.

కార్ట్ మీద వెళ్తుంటే ఇద్దరూ ఒక బాల్ దగ్గర కూర్చుని ఒకరు కొట్టేదాకా ఇంకొకరు చూడటం చాలా చోట్ల కనపడుతుంది. ఒకరిని వాళ్ల బాల్ దగ్గర రెండు మూడు క్లబ్‌లతో దింపి, కార్ట్ నడిపే మనిషి తన బాల్ దగ్గరికి వెళ్లిపోవాలి. రెండు మూడు ఎందుకంటే, కొత్తవాళ్లకి దూరం అంచనా తెలీదు, ఒక్కటే పట్టుకెళ్తే అది సరిపోదనిపించి మళ్లీ వెనక్కి నడుస్తారు. "ఇవి మూడూ పట్టుకెళ్లండి, బ్యాగ్ నేను ముందుకి తెస్తాను" అని మీరే చేతిలో పెడితే వాళ్లకి వెంటనే అలవాటవుతుంది, మూడో హోల్ నుంచి మీరు చెప్పక్కర్లేదు.

ప్రాక్టీస్ స్వింగ్ ఒక్కటి చాలు. ఇది చెప్పడం కష్టం, ఎందుకంటే భయం ఉన్న మనిషి నాలుగు తిప్పుతాడు, అయినా ఐదోది కూడా నమ్మకం లేకుండానే కొడతాడు. అలాంటప్పుడు బాల్ దగ్గర నిలబడి ఉండగా ఏమీ అనకండి. తర్వాతి హోల్‌కి నడుస్తూ, "మీ మొదటి ప్రాక్టీస్ స్వింగ్ చాలా బాగుంటోంది, అది తిప్పగానే కొట్టెయ్యండి, తర్వాతి వాటిల్లో చేతులు బిగుసుకుంటున్నాయి" అనండి. నేను చూసినంతలో ఇది నిజం కూడా. ఆడగలిగే స్థితికి వచ్చాక 40 సెకన్లు దాటకుండా కొట్టాలని నిబంధనల్లో సిఫారసు ఉంది, మామూలుగా అంతకన్నా త్వరగానే కొట్టగలగాలని కూడా అంటుంది. కొత్తవాళ్లకి ఆ అంకె చెప్పి గడియారం చూపించకండి, మీకు మాత్రం తెలిసి ఉంటే చాలు.

"త్వరగా" అన్న మాట మీ నోట్లోంచి రాకూడదు. ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, నేను ఆడటం మొదలుపెట్టిన రోజుల్లో ఒక పెద్దాయన ప్రతి షాట్ ముందూ "కానివ్వండి, కానివ్వండి, వెనక వాళ్లు చూస్తున్నారు" అనేవారు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు. నాకు మాత్రం ఆ మాట వినగానే చేతులు చెమటపట్టేవి, బాల్ పైన గీసుకుపోయి పది గజాలు దొర్లేది, మళ్లీ కొట్టాల్సి వచ్చేది. ఆ రోజు ఆయన తొందరపెట్టిన కొద్దీ మా గ్రూప్ ఇంకా వెనకపడింది. తొమ్మిది హోల్స్ తర్వాత నేను ఒంట్లో బాగోలేదని చెప్పి వెళ్లిపోయాను, రెండు నెలలు మళ్లీ కోర్సు మొహం చూడలేదు. తొందర కావాలంటే నడకలో పెట్టండి. మీరు చురుగ్గా నడిస్తే మీతో మాట్లాడుతూ వాళ్లూ అదే నడక నడుస్తారు. బాల్ దగ్గరికి చేరాక మాత్రం వాళ్ల టైమ్ వాళ్లది.

మీ ముఖం కూడా చూసుకోండి. నిట్టూర్పు, వాచీ చూసుకోవడం, ఆకాశం వైపు చూడటం, వాళ్లు పట్ (గ్రీన్ మీద బాల్‌ని హోల్‌లోకి దొర్లించే షాట్) పూర్తిచెయ్యకముందే బ్యాగ్ భుజాన వేసుకోవడం, ఇవన్నీ కొత్తవాళ్లకి మాటల కన్నా గట్టిగా వినపడతాయి.

నేర్పించకండి

అడగనిదే స్వింగ్ గురించి మాట్లాడకండి. మంచి మనసుతోనే చెబుతాం, "తల ఎత్తుతున్నారు", "ఎడమ చెయ్యి నిటారుగా", "బరువు ముందుకి", ఆరో హోల్‌కి వచ్చేసరికి ఆ మనిషి బుర్రలో ఏడు విషయాలుంటాయి, బాల్ దగ్గర నిలబడి ఏడూ గుర్తుచేసుకుంటూ నిమిషం గడుపుతారు, కొట్టినా తగలదు. ఆట నెమ్మదించడానికి నాకు తెలిసిన పెద్ద కారణాల్లో ఇదొకటి, దీనికి బాధ్యులు అనుభవం ఉన్నవాళ్లే. వాళ్లే అడిగితే ఒక్కటి చెప్పండి, రౌండ్ మొత్తానికి ఒక్కటి. భార్యాభర్తలు, తండ్రీకొడుకులు కలిసి ఆడుతున్నప్పుడు ఇది మరీ ముఖ్యం, అక్కడ సలహా సలహాలా వినపడదు.

పోటీ రౌండ్‌లో అయితే సలహా ఇవ్వడమే నిబంధనకి విరుద్ధం, ఏ క్లబ్ కొట్టాలో చెప్పినా అడిగినా స్ట్రోక్ ప్లేలో రెండు షాట్ల పెనాల్టీ పడుతుంది, భాగస్వామి, క్యాడీ (బ్యాగ్ మోసే సహాయకుడు) వేరు. హోల్ దాకా ఎంత దూరం, నీళ్లు ఎక్కడున్నాయి లాంటివి చెప్పొచ్చు. నిబంధనల విషయానికి వస్తే, స్నేహపు రౌండ్‌లో కొత్తవాళ్లు చేసే ప్రతి తప్పుకీ పెనాల్టీ లెక్కపెట్టే పని పెట్టుకోకండి. ఎర్ర కర్రలు, పసుపు కర్రలు, తెల్ల కర్రలు దేనికో అవి ఎదురైనప్పుడు ఒక్క వాక్యంలో చెప్పి సాగిపోండి.

బంకర్, గ్రీన్

బంకర్‌లో (ఇసుక గుంటలో) రెండు ప్రయత్నాలు, మూడోసారి చేత్తో తీసి బయట వేసుకోవడం. నిబంధన ప్రకారం కూడా బంకర్‌లోంచి రెండు పెనాల్టీ షాట్లతో, హోల్ నుంచి బాల్ మీదుగా వెనక్కి గీత గీసినట్టు చూసుకుని, బయట డ్రాప్ చేసుకునే దారి ఉంది, కాబట్టి ఇదేదో దొంగాట అన్న భావన అక్కర్లేదు. లోపలికి దిగేటప్పుడు ఎత్తుగా ఉన్న గట్టు వైపు నుంచి కాకుండా పల్లంగా ఉన్న వైపు నుంచి దిగాలి, రేక్ చేతికందే దూరంలో పెట్టుకుని దిగితే ఇంకా మంచిది. ఇసుక సర్దడం కొత్తవాళ్లకి మొదటి ఒకటి రెండుసార్లు చూపించండి. ఆ తర్వాత వాళ్లు అటూ ఇటూ బంకర్లలో పడి అలసిపోయిన హోల్‌లో, "మీరు వెళ్లి పట్ చూసుకోండి, ఇది నేను సర్దుతాను" అని రేక్ తీసుకోండి. దానివల్ల ఒక నిమిషం మిగులుతుంది, ఆ మనిషి ముఖంలో వచ్చే ఊరట వేరు. డివట్ కూడా అంతే, ఎగిరిన గడ్డి పెళ్ల తెచ్చి పెట్టి తొక్కడమో, ఇసుకతో నింపడమో, అక్కడి పద్ధతి ఏదైతే అది.

గ్రీన్ మీద చెప్పాల్సినవి ఎక్కువ, ఒక్కసారే చెప్పకూడనివి కూడా. ముందు, కార్ట్ గానీ బ్యాగ్ గానీ గ్రీన్‌కి తర్వాతి టీ ఉన్న వైపు పెట్టాలి. ముందు వైపు వదిలేస్తే పట్ అయ్యాక అందరూ వెనక్కి నడవాలి, వెనక గ్రూప్ ఫెయిర్‌వేలో నిలబడి అది చూస్తూ ఉంటుంది. ఇతరుల బాల్‌కీ హోల్‌కీ మధ్య గీత తొక్కకూడదని చెప్పండి, అది కంటికి కనపడని గీత కాబట్టి మీ పటర్‌తో గాల్లో చూపించండి. వాళ్లు పొరపాటున తొక్కితే ఊరుకోండి, తర్వాతిసారి మీరు ఆ గీత దాటేటప్పుడు కాస్త చుట్టూ తిరిగి నడిస్తే చూసి నేర్చుకుంటారు.

జెండా కర్ర తియ్యకుండానే పట్ చెయ్యొచ్చు, 2019 నుంచి దానికి పెనాల్టీ లేదు. కొత్తవాళ్లున్న రోజు కర్ర లోపలే ఉంచడం మేలు, తీసి పెట్టే తతంగం పోతుంది. చిన్న పట్ మిగిలితే గుర్తుపెట్టి ఎత్తి మళ్లీ పెట్టే బదులు, ఎవరి గీతా తొక్కకుండా కుదిరితే పూర్తిచేసెయ్యమనండి. మీ పట్ గీత ఎటు వంగుతుందో మిగతావాళ్లు ఆడుతుండగానే చూసుకోండి, మీ వంతు వచ్చాక చుట్టూ తిరిగి నాలుగు వైపుల నుంచి చూడటం మొదలుపెడితే కొత్తవాళ్లు అదే ఆట అనుకుని అనుకరిస్తారు. చాలామంది కొత్తవాళ్ల నెమ్మది ఎవరో అనుభవం ఉన్నవాళ్ల దగ్గర నేర్చుకున్నదే. అడుగు దూరం పట్ మిగిలితే "తీసుకోండి" అనెయ్యండి, స్ట్రోక్ ప్లే పోటీలో ఇది చెల్లదు, మీ రౌండ్‌లో పర్వాలేదు. కానీ వాళ్లు పార్‌కో బోగీకో (పార్ కంటే ఒకటి ఎక్కువ) పట్ చేస్తుంటే మాత్రం ఇవ్వకండి. అది లోపల పడిన చప్పుడు వాళ్లే వినాలి, జీవితంలో మొదటి పార్ అయి ఉండొచ్చు.

పిచ్ మార్క్ (బాల్ పడి గ్రీన్ మీద ఏర్పడే గుంట) సరిచెయ్యడం చాలామంది ఏళ్లుగా ఆడేవాళ్లకి కూడా సరిగా రాదు. అడుగు నుంచి పైకి లేపకూడదు, అలా లేపితే వేళ్లు తెగి అక్కడ గడ్డి చస్తుంది. అంచుల నుంచి మధ్యకి నెట్టి, పటర్‌తో మెల్లగా తట్టాలి. కొత్తవాళ్ల బాల్స్ గ్రీన్ మీద ఎత్తు నుంచి పడటం తక్కువ కాబట్టి వాళ్ల మార్కులు ఉండవు, అయినా మీది సరిచేస్తూ చూపించండి.

స్కోరు గ్రీన్ మీద నిలబడి రాయొద్దు. తర్వాతి టీ దగ్గర రాసుకోవచ్చు. "ఎన్ని కొట్టాను, ఆగండి, ఒకటి రఫ్‌లోకి, రెండు..." అని వేళ్లు లెక్కపెట్టే మనిషిని ఆపి, "ఎనిమిది వేసుకోండి" అని నడవండి. ముందుగా పట్ అయిపోయినవాళ్లు తర్వాతి టీకి వెళ్లి కొట్టడం మొదలుపెట్టొచ్చు, ఇది బాగా టైమ్ మిగిల్చే పద్ధతి, కానీ ముందే చెప్పి వెళ్లాలి. చెప్పకుండా వెళ్తే, వదిలేసి పోయారనుకుంటారు.

వెనక గ్రూప్ వచ్చేస్తే

మీరు ఉండాల్సిన చోటు ముందు గ్రూప్ వెనకాల, వెనక గ్రూప్ ముందు కాదు. వెనక ఎవరూ లేరు కదా అని నిమ్మళంగా ఆడుతూ ముందు ఒక హోల్ మొత్తం ఖాళీ చేసుకుంటే, తర్వాత వచ్చేవాళ్లందరి ఆటా దెబ్బతింటుంది. ముందు హోల్ ఖాళీగా ఉండి, వెనకవాళ్లు ప్రతి షాట్‌కీ ఆగుతుంటే దారి ఇవ్వండి. నిర్ణయం మీరు తీసుకోండి, కొత్తవాళ్ల మీద పెట్టకండి, "నా వల్లే" అనుకుని క్షమాపణలు మొదలుపెడతారు. "వాళ్లు ఇద్దరే ఉన్నారు, పోనిద్దాం, మనకీ హాయి" అంటే సరిపోతుంది.

దారి ఇవ్వడానికి అన్నిటికన్నా మంచి చోటు పార్ 3. మీరంతా గ్రీన్ చేరాక బాల్స్‌కి గుర్తులు పెట్టి పక్కకి జరిగి, టీ మీద ఉన్నవాళ్లకి చెయ్యూపి కొట్టమనండి. వాళ్లు నడిచి వచ్చేలోపు మీ పట్‌లు పూర్తిచేసుకుని, వాళ్లని ముందు పోనివ్వండి. రెండు మూడు నిమిషాలకన్నా పోయేదేమీ ఉండదు. బాల్ వెతుకుతున్నప్పుడు కూడా ఇవ్వొచ్చు, కానీ చెయ్యూపి పిలిచాక మళ్లీ బాల్ దొరికింది కదా అని కొట్టడం మొదలుపెట్టకూడదు, అది ప్రమాదం కూడా. దారి ఇచ్చినా తొమ్మిది హోల్స్ తర్వాత కూడా బాగా వెనకే ఉంటే, కొత్తవాళ్లని ఒకటి రెండు హోల్స్ టీ షాట్ వదిలేసి మీ డ్రైవ్ పక్కన డ్రాప్ చేసుకోమనండి. లేదా ఆ హోల్స్‌కి స్క్రాంబుల్ చెయ్యండి, అందరూ కొట్టి, బాగా పడిన బాల్ దగ్గర నుంచి మళ్లీ అందరూ కొట్టడం. కొత్తవాళ్లకి ఇది చాలా నచ్చుతుంది, ఎప్పుడూ వెళ్లని చోటు నుంచి గ్రీన్‌కి షాట్ దొరుకుతుంది.

కొత్తగా వెళ్తున్నది మీరే అయితే

మీకు చెప్పేది తక్కువ. బాగా ఆడలేదని ఎవరూ కోప్పడరు, నిజంగా. వంద పైన కొడుతూ చురుగ్గా నడిచే మనిషితో ఆడటానికి అందరూ ఇష్టపడతారు, ఎనభై కొడుతూ ప్రతి పట్‌కీ మోకాళ్ల మీద కూర్చునే మనిషితో ఆడటానికి ఎవరూ ఇష్టపడరు. ప్రతి చెడ్డ షాట్‌కీ సారీ చెప్పకండి, ఒకసారి మొదటి టీ దగ్గర "నేను కొత్తండీ, ఏదైనా అడ్డం వస్తే చెప్పండి" అంటే రోజంతటికీ సరిపోతుంది. ఇతరులు కొట్టేటప్పుడు కదలకండి, మాట్లాడకండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. పాత బాల్స్ తెచ్చుకోండి, ఖరీదైన కొత్త బాల్ అయితే పోయినప్పుడు వదిలి రాబుద్ధి కాదు. పూర్తి 18 హోల్స్‌కి మొదటిసారే వెళ్లకుండా కొన్నాళ్లు సాయంత్రం పూట, రద్దీ తక్కువ ఉన్నప్పుడు తొమ్మిది హోల్స్ ఆడి చూడండి. అలసిపోతే బాల్ తీసుకుని ఒక హోల్ ఊరికే నడవండి, నడుస్తూ మిగతావాళ్ల ఆట చూడటంలోనూ చాలా తెలుస్తుంది.

చివరి గ్రీన్ మీద టోపీ తీసి, అందరితో చెయ్యి కలిపి, వెంటనే పక్కకి జరగాలి, కబుర్లు క్లబ్‌హౌస్ దగ్గర. అనుభవం ఉన్నవాళ్లు అక్కడ కొత్తవాళ్ల షాట్‌ల్లో నిజంగా బాగున్నది ఒకటి పేరు పెట్టి చెప్పండి, "పదకొండో హోల్‌లో నీళ్ల మీదుగా కొట్టింది" అన్నట్టు, ఊరికే "బాగా ఆడారు" అని కాదు. మీ బ్యాగ్‌లో రెండు పిచ్ మార్క్ ఫోర్క్‌లు ఉంటే ఒకటి ఇచ్చెయ్యండి, మళ్లీ ఎప్పుడు వస్తారో అడగండి.